నిప్పుకు కావలి

నా కొలువు నిప్పును చూసుడు.
ముట్టించుడు కాదు, చూసుడే.
జుబైల్‌ల షట్‌డౌన్ నడిచే నలభై రాత్రులు
రొడెల్ పైపులు అతుకుతుంటే
రాలే రవ్వల మీద కండ్లు పెట్టి ఉండుడు,
ఆఖరు రవ్వ ఆరినంక ఇంకో అర్ధగంట
ఆ సల్లబడ్డ ఇనుము పక్కన్నే నిలబడుడు.
చేతిల ఎర్ర సిలిండర్, జేబుల నోటుబుక్కు:
టైము. జాగ. ఏం నిప్పు. ఏం చేసినవ్.
కింద దస్కత్.

నాకొచ్చిన ఇంగ్లిషు నాలుగు మాటలు:
స్పార్క్, స్లాగ్, స్మోక్, నిల్.
ఎక్కువ రాత్రులు నిల్.

అయిదో మాట క్లాసుల నేర్పిండు హొస్సాం సారు.
తెర మీద గ్యాసు ట్యాంకు పగిలింది,
ఊరంత మంట ముద్దగట్టి లేచింది.
"ఫైర్‌బాల్. దగ్గరికెల్లి చూసినోడు
మళ్ల వచ్చి చెప్పడు. అందుకే నేను చెప్తున్న."
మేం నవ్వినం. ఆయన నవ్వలే.

దూరంగ ఫ్లేరు మండుతనే ఉంటది.
అది నా లెక్కల రాదు.
దానికి కావలి అక్కర లేదు,
అది ఆరిపోతేనే భయం.

పందొమ్మిదో రాత్రి, రెండు దాటి పన్నెండు నిమిషాలు.
ముందు నా నీడ కదిలింది.
నేను కదల్లే.
ఎడమకున్న నీడ కాళ్ల కిందికొచ్చి
కుడికి ఉరికింది,
గడియారం ముల్లును ఎవరో తిప్పినట్టు.
తలెత్తితే
పచ్చగ, తెల్లగ, పడమరకు సముద్రం దిక్కు నుంచి
ఒక నిప్పుముద్ద
ఫ్లేరును చిమ్నీ దీపం చేసి పోయింది.
సప్పుడు లేదు.
నాలుగు నిమిషాలకు
ఎక్కడ్నో లారీ కంకర దించినట్టు, గుమ్మని.

స్కాఫోల్డు మీదికెల్లి టేక్ బహదూర్ అరిచిండు:
"రాంకే భూత్!"
వాని కొండల్ల రాత్రిపూట దివిటీ పట్టుకొని ఎక్కేదట.
మా దిక్కు కొరివి దయ్యం
పసుపు చేన్ల గట్ల పొంట నడుస్తది.
రెండూ పేరు పెట్టి పిలుస్తయి, రెంటికీ పలుకొద్దు.
ఇంత దూరమొచ్చి వాని దయ్యం, నా దయ్యం చుట్టాలైనయి.

వాటర్ ట్యాంకరు సాలెం దిగి
పెదాల్ల ఏదో సదువుకున్నడు:
"షిహాబ్. మీది ముచ్చట్లు చెవొగ్గి వినే
సైతాన్ల మీదికి ఇసిరేది."

ల్యాబు సుధీష్ కండ్లద్దాలు తుడుచుకున్నడు:
"శుక్రుని కన్న ఎక్కువ మెరిస్తేనే దానికి ఆ పేరు.
రాయి మాత్రం సీతాఫలమంత ఉంటదేమో."
"గంతేనా?"
"గంతే. రాయి కాలుడు తక్కువ,
దాని ముంగట తప్పుకోలేని గాలి
నలిగి నలిగి కాలుతది."
ఆ గాలి సంగతి నాకు చానా సేపు యాదుంది.

రొడెల్ హెల్మెటు ఎత్తి అడిగిండు: "ఏమైంది?"
వాని నల్లద్దంల వాని చుక్క ఒక్కటే ఉండె.

బ్రేకుల పోసానికి ఫోను చేసిన.
అప్పటికే లేచి బీడీల ఆకు తడుపుతున్నది.
"అలాయి గుండం దుంకి నువ్వు
కొత్త లుంగీ కాల్చుకున్నంత పెద్దదా?"
"దానికన్న పెద్దది. రాయేమో సీతాఫలమంత."
"కాయకేనా ఇంత ఆగం! బిల్లు పెరుగుతది, పెట్టెయ్."
పెట్టలే. కత్తెర సప్పుడు
ఇంకొంచెం సేపు విన్న.

బుక్కు తీసిన.
స్పార్క్ కాదు. స్లాగ్ కాదు. పొగ లేదు.
నిల్ అంటే అబద్ధం.
అక్షరం అక్షరం కూడుకొని
అయిదో మాట రాసిన.

పొద్దుగాల హొస్సాం సారు పేజీ తిప్పిండు.
మొఖంల నెత్తురు లేదు.
కుర్చీ వెనక్కి పడ్డది.
"ఎక్కడ? ఏ ట్యాంకు? ఎందరు?"

నేను ఏలు ఎత్తి మీదికి చూపిన.

సారు కిటికీల నుంచి ఆకాశం చూసిండు,
ఉత్త ఎండ.
కుర్చీ లేపుకొని కూసున్నడు, నీళ్లు తాగిండు.
కొట్టేస్తడనుకున్న.
ఏలు పెట్టి వరుస సదివిండు:
జాగ: పైన. ఏం చేసినవ్: చూసిన.

"లింబాద్రీ,
ఆరినంక అర్ధగంట నిలబడ్డవా?"

"నిలబడ్డ సార్."

దస్కత్ పెట్టిండు.